షేర్ల ఆన్‌లైన్ చిట్టాల్లో తప్పు మొత్తాలు

మదుపరి దగ్గరున్న షేర్లను, మ్యూచువల్ ఫండ్లను ఒకచోట చేర్చి, వాటి నేటి విలువను, లాభనష్టాలను చూపించే యాప్‌లను, వెబ్ సేవలను, బ్రోకర్ల తెరలను పోర్ట్‌ఫోలియో ట్రాకర్లు అంటారు. ఆ తెర మీద కనిపించే మొత్తం ఒక్కోసారి అసలు ఆస్తితో సరిపోలదు. యంత్రం కూడికలో పొరబడటం చాలా అరుదు. కూడాల్సిన పద్దుల్లో ఒకటి పాతబడిపోవడమో, రెండుసార్లు పడటమో, అసలు పడకపోవడమో జరిగితే మొత్తం తప్పుతుంది. పాతకాలం గుమాస్తాకు ఇది తెలిసిన సంగతే: ఆవర్జా తేలకపోతే ఆయన కూడిక మళ్లీ చేసేవాడు కాదు, చిట్టా తిరగేసేవాడు.

ఈ రకం తప్పుకు తెలుగువారికి బాగా దగ్గరి ఉదాహరణ మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు షేరు. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. దాని షేర్లు కొన్నవారి లెక్కలు మాత్రం కొన్ని తెరల మీద ఇంకా కలవకపోవచ్చు.

రెండు మొత్తాలు

ట్రాకర్ తెర మీద ముఖ్యంగా రెండు మొత్తాలుంటాయి. ఒకటి నేటి విలువ, అంటే ఉన్న షేర్ల సంఖ్యను నేటి ధరతో గుణించగా వచ్చేది. రెండోది పెట్టిన సొమ్ము. మొదటి దాంట్లోంచి రెండోది తీసేస్తే లాభమో నష్టమో తేలుతుంది. జనం ముందు చూసేది ఈ మూడో అంకెనే, తప్పులు ఎక్కువగా దాక్కునేదీ అందులోనే. నేటి విలువను ఎవరైనా అయిదు నిమిషాల్లో సరిచూసుకోవచ్చు. షేర్లను ఎలక్ట్రానిక్ రూపంలో దాచే డీమ్యాట్ ఖాతాలో ఎన్ని ఉన్నాయో చూసి, ధరతో గుణిస్తే చాలు. పెట్టిన సొమ్ము అలా కాదు. ఎప్పుడు, ఎంతకు కొన్నారు, తర్వాత ఆ కంపెనీకి ఏమేం జరిగింది అనే చరిత్ర అంతా తెలిస్తేనే అది సరిగ్గా వస్తుంది. ట్రాకర్లకు వర్తమానం బాగా తెలుసు, గతం అరకొరగానే తెలుసు.

ఆంధ్రా బ్యాంకు షేరు

భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 20న రిజిస్టరై, అదే నెల 28న వ్యాపారం మొదలుపెట్టింది. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. బందరులోనే, అంటే మచిలీపట్నంలోనే పుట్టిన భారత లక్ష్మీ బ్యాంకు 1964లో అందులో కలిసింది. 1980 ఏప్రిల్ 15న ఆంధ్రా బ్యాంకును జాతీయం చేశారు. 2001లో తొలిసారి ప్రజలకు షేర్లు అమ్మినప్పుడు 10 రూపాయల షేరును 10 రూపాయలకే ఇచ్చారు. 2006 జనవరిలో మరోసారి అమ్మినప్పుడు ధర 90 రూపాయలు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో అంతవరకు షేరు ముఖం చూడని ఇళ్లవారు కూడా, మన బ్యాంకు అన్న మమకారంతో దరఖాస్తులు పెట్టారు.

2019 ఆగస్టు 30న కేంద్రం పది ప్రభుత్వరంగ బ్యాంకులను నాలుగుగా కలపబోతున్నట్టు ప్రకటించింది. పేరైనా ఉంచమని ఎన్నో విన్నపాలు వెళ్లాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలిసిపోయాయి. ప్రతి 1000 ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. వాళ్ల దగ్గర 2001లో 10 రూపాయల చొప్పున కొన్న 200 షేర్లు, 2006లో 90 రూపాయల చొప్పున కొన్న 100 షేర్లు ఉన్నాయి. పెట్టిన సొమ్ము 2,000, 9,000 కలిపి 11,000 రూపాయలు. విలీనం తర్వాత 300 షేర్లకు లెక్క ప్రకారం 97.5 రావాలి. అర షేరు ఉండదు కనుక 97 షేర్లు ఖాతాలో పడి, అర షేరుకు డబ్బు వస్తుంది. పెట్టిన 11,000ను 97.5తో భాగిస్తే ఒక్కో యూనియన్ బ్యాంకు షేరు కొన్న ధర సగటున 112 రూపాయల 82 పైసలు. చేతిలో మిగిలిన 97 షేర్ల ఖరీదు సుమారు 10,944.

ఇక్కడ ట్రాకర్ తప్పటానికి మూడు దారులున్నాయి. పాత 300 ఆంధ్రా బ్యాంకు షేర్లను చివరి ధర దగ్గర అలాగే ఉంచి, డీమ్యాట్ ఖాతాలను నిర్వహించే డిపాజిటరీ నుంచి వచ్చిన 97 యూనియన్ బ్యాంకు షేర్లను కొత్త పద్దుగా చేర్చడం ఒకటి. అప్పుడు ఒకే ఆస్తి రెండుసార్లు పడుతుంది. కొత్త షేర్లు ఏ కొనుగోలూ లేకుండా వచ్చాయి కాబట్టి వాటి కొన్న ధరను సున్నాగా పెట్టడం రెండోది. యూనియన్ బ్యాంకు షేరు 120 రూపాయలు అనుకుంటే నేటి విలువ 11,640 అవుతుంది. కొన్న ధర సున్నా అయితే ఆ 11,640 అంతా లాభమే అని తెర మురిపిస్తుంది, అసలు లాభం 700 లోపే. మూడోది అంత తేలిగ్గా దొరకదు. షేర్ల సంఖ్య మారుతుంది గానీ, పాత సగటు ధర 36 రూపాయల 67 పైసలు అలాగే ఉండిపోతుంది. అప్పుడు పెట్టిన సొమ్ము దాదాపు 3,557 అని చూపుతుంది. సున్నా కనిపిస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 3,557 చూసి ఎవరూ అనుమానపడరు.

సగటు కట్టడంలో ఇంకో చిక్కు ఉంది. డీమ్యాట్ షేర్లు అమ్మినప్పుడు పన్ను లెక్కలో ముందు కొన్నవి ముందు అమ్మినట్టు చూడాలి. 2001 నాటి 200 షేర్లకు సరిగ్గా 65 యూనియన్ బ్యాంకు షేర్లు వస్తాయి. వాటి ఖరీదు 2,000. వాటిని 120కి అమ్మితే 5,800 లాభం. 2006 నాటి వందకు 32 షేర్లు వస్తాయి, ఒక్కోదాని ఖరీదు 276 రూపాయల 92 పైసలు. వాటి మీద 5,000 పైన నష్టం. రెండూ కలిపితే నికర లాభం 778 రూపాయలు. ఇందాక సగటున తేలింది 696. ఈ 82 రూపాయల తేడా ఎక్కడిది? అర షేరు ఖరీదును సగటున తీసేస్తే 56 రూపాయలు, 2006 కొనుగోలులోంచి తీసేస్తే 138 రూపాయలు. రెండు లెక్కలకీ తర్కం ఉంది, పన్ను లెక్క మాత్రం ముందు కొన్నవి ముందు అన్న పద్ధతిలోనే సాగుతుంది. రెండు యాప్‌లు రెండు మొత్తాలు చూపించినంత మాత్రాన రెంటిలో ఒకటి చెడిపోయిందని అనుకోనక్కర్లేదు.

బస్తా మారితే ధాన్యం పెరగదు

కృష్ణా డెల్టాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు. అదే ధాన్యాన్ని 40 కిలోల సంచుల్లోకి ఎత్తితే సంచుల లెక్క దాదాపు రెట్టింపవుతుంది, గాదెలో గింజ పెరగదు. సంచులు కొత్తవి లెక్కపెట్టి, ధర పాత బస్తాకు కట్టే గుమాస్తాను ఏ షావుకారూ రెండో రోజు ఉంచుకోడు. ట్రాకర్లు చేసే పొరపాటు ఇలాంటిదే. కంపెనీ షేరును విభజించినా, బోనస్ ఇచ్చినా షేర్లు పెరుగుతాయి, ధర ఆ మేరకు తగ్గుతుంది. రెండూ ఒకే క్షణంలో మారితే మొత్తం కదలదు. ధర ఒకరోజు మారి, షేర్లు మరోరోజు పడితే ఆ మధ్య రోజుల్లో సగం ఆస్తి మాయమైనట్టు కనిపిస్తుంది.

బోనస్ విషయంలో ఈ ఎడం ఇదివరకు రెండు వారాల దాకా కూడా ఉండేది. ధర మొదటి రోజే సగమయ్యేది, షేర్లు తర్వాతెప్పుడో ఖాతాలో పడేవి. బోనస్ ఎవరికి రావాలో తేల్చే రికార్డు తేదీ తర్వాత రెండో పనిదినానికే బోనస్ షేర్లు అమ్ముకోవడానికి వీలుండాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నియమం పెట్టింది. 2024 అక్టోబరు 1 నుంచి అది అమలులోకి వచ్చింది. అదే నెల 28న రెండు పెద్ద మార్పులు ఒకే రోజు వచ్చాయి: రిలయన్స్ ఒకటికి ఒకటి బోనస్, హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ 5 రూపాయల షేరు రూపాయి షేర్లుగా విభజన. ఆ రెండూ ఉన్నవారు ఆ వారంలో తమ మొత్తాన్ని చూసి ఉలిక్కిపడి ఉంటే వారి తప్పు లేదు.

విభజనలో ఇంకో మెలిక ఉంది. ముఖ విలువ మారితే షేరు గుర్తింపు సంఖ్య, అంటే ఐసిన్ కూడా మారుతుంది. పాత సంఖ్యనూ కొత్త సంఖ్యనూ కలిపే పట్టిక ట్రాకర్ దగ్గర లేకపోతే, దాని దృష్టిలో ఒక కంపెనీ చచ్చిపోయి ఇంకొకటి పుట్టినట్టే.

రొయ్యల చెరువుల గట్ల మీద మేత బస్తాలపై కనిపించే అవంతి ఫీడ్స్ 2018 జూన్‌లో 2 రూపాయల షేరును రూపాయి షేర్లుగా విడగొట్టింది, దాంతోపాటే ప్రతి రెండింటికీ ఒకటి బోనస్ ఇచ్చింది. 100 షేర్లు ముందు 200, తర్వాత 300. రెండింట్లో ఒక్కదాన్నే పట్టుకున్న యాప్‌లో 200 గానీ 150 గానీ కనిపిస్తాయి.

కృష్ణా జిల్లావాసి మురళి దివి స్థాపించిన దివీస్ లేబొరేటరీస్ కథ ఇంకా పొడవు. 2003లో 140 రూపాయలకు అమ్మిన షేరు ముఖ విలువ 10 రూపాయలు. 2007లో దాన్ని 2 రూపాయల షేర్లు అయిదు చేశారు. 2009లో ఒకటికి ఒకటి, 2015లో మళ్లీ ఒకటికి ఒకటి బోనస్. ఆనాటి ఒక్క షేరు ఇప్పుడు ఇరవై, కొన్న ధర షేరుకు 7 రూపాయలు. మొదటినుంచీ దాచుకున్న మనిషి ట్రాకర్లో 140 అనే అంకెను చేత్తో కొట్టి, నేటి సంఖ్యను డీమ్యాట్ నుంచి తెచ్చుకుంటే పెట్టిన సొమ్ము ఇరవై రెట్లయి కూర్చుంటుంది.

కంపెనీ రెండుగా చీలినప్పుడు తప్పు తిరగబడుతుంది. 2023 జులై 20న రిలయన్స్ నుంచి జియో ఫైనాన్షియల్ వేరైంది. ఒక్కో రిలయన్స్ షేరుకు ఒక్కో కొత్త షేరు ఇచ్చారు. పాత ఖరీదులో 4.68 శాతం కొత్త షేరుకు, మిగిలిన 95.32 శాతం పాతదానికి పంచుకోవాలని కంపెనీ చెప్పింది. ఆ పంపకం చేయని ట్రాకర్లో రిలయన్స్ లాభం తక్కువగా, జియో లాభం ఆకాశమంతగా కనిపిస్తుంది. రెండూ కలిపి చూస్తే మొత్తం సరిపోతుంది, జియో ఒక్కటి అమ్మితే తెర చెప్పే లాభం తప్పవుతుంది.

ధర పట్టిక

సంఖ్య సరిగ్గా ఉండి ధర తప్పడం ఇంకో రకం. ఒకే షేరుకు జాతీయ ఎక్స్ఛేంజీలో ఒక ధర, బొంబాయి ఎక్స్ఛేంజీలో మరొకటి ఉంటుంది. చివరి లావాదేవీ ధర వేరు, ముగింపు ధర వేరు. చివరి అరగంట లావాదేవీల సగటును ముగింపు ధరగా ప్రకటించడం మన ఎక్స్ఛేంజీల్లో చాలాకాలంగా ఉన్న పద్ధతి. మ్యూచువల్ ఫండ్లకు పగలంతా కనిపించేది నిన్నటి విలువే. ఇవన్నీ చిల్లర తేడాలు, సాయంత్రానికి సర్దుకుంటాయి.

వచ్చిన ధరే తప్పయితే చెప్పేదేముంది. 2024 జూన్ 3న న్యూయార్క్ ఎక్స్ఛేంజీలో సాంకేతిక లోపం వల్ల ఆరు లక్షల డాలర్ల పైన ఉండే బెర్క్‌షైర్ హాత్‌వే ఏ తరగతి షేరు 185 డాలర్లకు పడిపోయినట్టు కనిపించింది. అదే ఏడాది అక్టోబరు 29న దానికి తలకిందులుగా జరిగింది. బొంబాయి ఎక్స్ఛేంజీలో ఎల్సిడ్ ఇన్వెస్ట్‌మెంట్స్ షేరు 3 రూపాయల 53 పైసల నుంచి ఒక్కరోజులో 2,36,250కి చేరింది. అది లోపం కాదు, ఆ షేరు అసలు విలువను వేలం పద్ధతిలో తేల్చిన ప్రత్యేక సెషన్. వింత అంకెలను తప్పుగా భావించి వాటంతటవే పక్కన పెట్టే ట్రాకర్, ఈ రెండింటిని వేరుచేసి చూడలేకపోతుంది.

ధర ఆగిపోయిన షేర్లు మరీ మోసం చేస్తాయి. 1943లో మొదలైన హైదరాబాదు స్టాక్ ఎక్స్ఛేంజీ గుర్తింపు 2007లో పోయింది. అక్కడ మాత్రమే లిస్టయిన చిన్న కంపెనీల షేర్లకు ఆ తర్వాత ధర చెప్పే నాథుడు లేడు. దివాలా తీసిన కంపెనీల షేర్లదీ అదే గతి: లాంకో ఇన్‌ఫ్రాటెక్‌ను అమ్మి అప్పులు తీర్చమని 2018 ఆగస్టులో ఉత్తర్వు వచ్చింది. అటువంటి షేర్లకు చివరి ధరను ఏళ్ల తరబడి అంటిపెట్టుకునే పట్టీలో లేని సొమ్ము ఉన్నట్టే కనిపిస్తుంది. అది సున్నా అని రాసుకోవడానికి ట్రాకర్ కంటే మనిషే ఎక్కువ వెనకాడతాడు.

తెర నిజం, షేర్లు అబద్ధం

ఇప్పటిదాకా చెప్పినవి అమాయకపు తప్పులు. హైదరాబాదుకు ఇంకో రకం అనుభవం కూడా ఉంది. సత్యం కంప్యూటర్స్ అధిపతి రామలింగరాజు 2009 జనవరి 7న రాసిన లేఖలో, పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నాడు. అక్కడ తప్పు మొత్తం కంపెనీ లోపలే ఉంది, ట్రాకర్ దాన్ని ధర రూపంలో నమ్మకంగా మోసింది. ఆ షేర్లు అమ్మకుండా ఉంచుకున్నవారి చిట్టాకూ చరిత్ర ఉంది. 2013లో 17 సత్యం షేర్లకు 2 టెక్ మహీంద్రా షేర్లు వచ్చాయి. 2015లో టెక్ మహీంద్రా ఒకటికి ఒకటి బోనస్ ఇచ్చి, 10 రూపాయల షేరును 5 రూపాయల షేర్లుగా విడగొట్టింది. 17 కాస్తా 2, తర్వాత 4, తర్వాత 8.

కార్వీ సంగతి వేరు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఈ బ్రోకింగ్ సంస్థ ఖాతాదారుల షేర్లను తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని తేల్చి, కొత్త ఖాతాదారులను చేర్చుకోకూడదని సెబీ 2019 నవంబరు 22న తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చింది. బ్రోకరు తెర మీద షేర్లు ఉన్నట్టే కనిపిస్తాయి, ఆ తెర బ్రోకరు సొంత పుస్తకం. నిజంగా ఎవరి పేరున ఉన్నాయో చెప్పేది డిపాజిటరీ. డిసెంబరు మొదట్లో ఎన్‌ఎస్‌డీఎల్ అనే డిపాజిటరీ దాదాపు 83 వేల మంది ఖాతాదారులకు వారి షేర్లను తిరిగి మళ్లించింది. 2020 సెప్టెంబరు నుంచి మార్జిన్ కోసం, అంటే లావాదేవీలకు హామీగా పెట్టే షేర్లు ఖాతాదారు డీమ్యాట్‌లోనే ఉండి, అక్కడే తాకట్టు గుర్తు పడేలా నియమం మారింది.

ఇక్కడ చిన్న పక్కదారి. ఎవరైనా కొని అమ్ముకోగల షేర్లతో 1602లో పుట్టిన డచ్చి ఈస్టిండియా కంపెనీ, కొద్ది ఏళ్లకే బందరులో కోఠీ తెరిచింది. వాటాదారుల పేర్లున్న పుస్తకం ఆమ్‌స్టర్‌డామ్‌లో, సరుకు బందరు గిడ్డంగిలో. వార్త ఓడలో నెలల తరబడి ప్రయాణించేది. అక్కడి వాటాదారులు ఉందనుకున్న సరుకు, ఇక్కడ నిజంగా ఉన్న సరుకు ఒకటి కాకపోవడం ఆనాటి నుంచీ ఉన్నదే.

అమెరికా పిల్లలు, ట్రంకు పెట్టె కాగితాలు

గుడివాడ, దివిసీమ ఊళ్లలో పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లు లెక్కలేనన్ని. పిల్లలే అందరి పద్దులూ ఒకచోట చేర్చి చూస్తుంటారు. అక్కడి ట్రాకర్లో అక్కడి షేర్లు డాలర్లలో, ఇక్కడివి రూపాయల్లో ఉంటాయి. రూపాయి విలువను కొన్ననాటి మారకం రేటుకు కట్టాలా, నేటిదానికా అన్నదాన్ని బట్టి లాభం మారిపోతుంది. గూగుల్ ఫైనాన్స్ 2017 నవంబరులో పోర్ట్‌ఫోలియో సదుపాయాన్ని తీసేసినప్పుడు చాలామంది తమ పద్దులను ఫైలుగా దించుకుని వేరే సేవల్లోకి ఎక్కించుకోవలసి వచ్చింది. అలా ఎక్కించేటప్పుడు తేదీలో రోజు, నెల తారుమారైతే చాలు. అమెరికా పద్ధతిలో నెల ముందు, మన పద్ధతిలో రోజు ముందు. మార్చి 4న కొన్నది ఏప్రిల్ 3న కొన్నట్టు పడి, ఆ మధ్య విభజన జరిగి ఉంటే మొత్తం గోవిందా.

నాన్న పోయాక పిల్లల పేరున మారిన షేర్లకు కొనుగోలు పద్దు ఉండదు. ట్రాకర్ వాటికి సున్నా ధరో, మారిన రోజు ధరో వేస్తుంది. చట్టం ప్రకారం తండ్రి కొన్న ధరే కొనసాగుతుంది, ఆయన ఉంచుకున్న కాలమూ కలుస్తుంది. కాగితం రూపంలో ఉన్న సర్టిఫికెట్లు అసలు ఏ తెరకూ ఎక్కవు. 2019 ఏప్రిల్ 1 నుంచి కాగితపు షేర్లను మామూలుగా మరొకరి పేరుకు బదిలీ చేయడం కుదరదు, ముందు డీమ్యాట్ చేయించాలి. చాలా కంపెనీల విషయంలో వరుసగా ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే ఆ షేర్లే మదుపరుల రక్షణకు ప్రభుత్వం నడిపే నిధికి వెళ్లిపోతాయి. అలాంటి ఇంట్లో ట్రాకర్ చూపే మొత్తం ఉండాల్సిన దానికంటే తక్కువ, ఆ లోటు గురించి ఏ యాప్ గంటా మోగించదు.

రాబడి శాతాల సంగతి క్లుప్తంగా. మొత్తం లాభాన్ని మొత్తం పెట్టుబడితో భాగిస్తే వచ్చే శాతం ఒకటి, ఏ సొమ్ము ఏ తేదీన పెట్టారో చూసి కట్టే వార్షిక శాతం, అంటే ఎక్స్‌ఐఆర్‌ఆర్ వేరొకటి. డివిడెండ్లు కలపని ట్రాకర్లు ఆంధ్రా బ్యాంకు వంటి పాత ప్రభుత్వరంగ షేర్ల రాబడిని తక్కువ చేసి చూపుతాయి.

సరిచూసుకోవడం

మదుపరికి ఇంట్లోనే ఒక కొలబద్ద ఉంది. 1996లో మొదలైన ఎన్‌ఎస్‌డీఎల్, 1999లో మొదలైన సీడీఎస్‌ఎల్ అనే రెండు డిపాజిటరీలు ఖాతాదారుకు అన్ని డీమ్యాట్ ఖాతాలూ, ఫండ్లూ కలిపిన ఏకీకృత పట్టీ పంపుతాయి. లావాదేవీ జరిగిన నెలకు నెలవారీగా, లేకపోతే ఆరునెలలకోసారి వస్తుంది. అందులో ఉన్న షేర్ల సంఖ్యే ప్రమాణం. కొన్న ధరకు మాత్రం అది ప్రమాణం కాదు. దానికి పాత కాంట్రాక్టు నోట్లు, కేటాయింపు లేఖలు, విలీనమప్పుడు కంపెనీ పంపిన ఉత్తరాలే ఆధారం. కొన్ని యాప్‌లు కొన్న ధరను చేత్తో సరిదిద్దనిస్తాయి. అలా దిద్దినప్పుడు పాత అంకెను పక్కన రాసి ఉంచుకోవడం మంచిది, మరుసటి ఏడు పన్ను రిటర్నులో ఎవరైనా అడిగితే జవాబు దొరుకుతుంది.

మీ ఇంట్లో ఆంధ్రా బ్యాంకు షేర్లుండేవైతే ఈరోజే ఒక లెక్క చేయండి. పాత కేటాయింపు లేఖలోని సంఖ్యను 0.325తో గుణించి, పట్టీలోని యూనియన్ బ్యాంకు షేర్లతో పోల్చి చూడండి. 300 ఉంటే 97 రావాలి, అర షేరు డబ్బు విలీనం తర్వాతి కాలపు బ్యాంకు పాసుపుస్తకంలో వెతకండి.